కుడితి లెక్క

గంగపట్నం దాటాక, ఉప్పుకాలవ పక్కన,
రొయ్యకి తెల్లమచ్చ తగిలి మూడేళ్ళు ఎండిన గుంటలో
ఇప్పుడు పాచి పెంచుతున్నాం.
నవ్వకండి.
మా నాయన గుంటకి పాచి పడితే సున్నం చల్లి చంపినవాడు.
నేను దానికి నెలజీతం మీద కాపలా.

రాత్రంతా తెడ్డుచక్రం తిరుగుతుంది
తప్ తప్ మని, చీకట్లో నీళ్ళు తాగే గేదెలా.
తెల్లారేసరికి గుంట
మునగాకు నూరి కలిపినంత చిక్కన.
వడగట్టి పిండితే
తొట్టెడు నీళ్ళకి గరిటెడు నూనె.
ఆ గరిటె కోసం ఎన్ని బస్తాల యూరియా, ఎన్ని బస్తాల డీఏపీ మోశానో
నా ఎడమ భుజాన్ని అడగండి.

వకుళ మేడం బోర్డు మీద రాసి చూపించింది:
నూనె పట్టుకెళ్ళేది ఎండనీ గాలినీ.
అంతే.
నత్రజని నూనెతో పోదు, భాస్వరం పోదు,
బస్తాలో వచ్చింది బస్తాడూ ఇక్కడే ఉండాలి.
"మరి ఎటు పోతోంది, ఖాజావలీ?"
నేను కిటికీలోంచి గొట్టం వైపు చూశాను.

నూనె తీశాక మిగిలిన పిప్పిని
మూతేసిన తొట్లో మురగబెడతాం.
గ్యాసు పైకొచ్చి ఇంజనుకి పోతుంది.
అడుగున నల్లనీళ్ళు.
ఆ వాసన చొక్కాకి పట్టిందంటే
ఇందుకూరుపేట బస్సులో నా పక్క సీటు ఖాళీ.
ఆ నీళ్ళే, గొట్టంలో, కాలవకి.

ఒక పొద్దున పెంచలమ్మ గేటు కాడ గంప దించింది.
గంపనిండా కొయ్యింగలు, కళ్ళు తెల్లబడి,
వలేసి పట్టినవి కావు, తేలినవి.
"కాలవంతా పచ్చగా మీగడ కట్టింది.
ఏందబ్బా, మీ ఇంట్లో కుడితి
ఎవురింటి ముందరన్నా పోస్తారా?
గొడ్డుకి పోసుకుంటారు గానీ!"

కుడితి.
మేడం ఆ మాటని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.
నాకు మా అమ్మ రాతితొట్టి గుర్తొచ్చింది:
బియ్యం కడుగు, గంజి, సొరకాయ తొక్కు, గుప్పెడు తవుడు,
రాత్రికి అన్నీ అందులోకే,
పొద్దునకి పాలచెంబులోకి.

ఆత్రం మాది.
నల్లనీళ్ళన్నీ ఎత్తి ఒక్కపెట్టున గుంటలో కుమ్మరించాం.
మూడోరోజుకి పాచి పసుపెక్కింది.
నాలుగోరోజుకి అడుగుకి దిగింది.
చక్రం ఉత్తనీళ్ళని బాదుకుంటూ ఉంది.
ఘాటు, ఎండ దిగనంత నలుపు.
పెంచలమ్మ గట్టు మీద నిలబడి చూసింది.
"చెంబుతో పొయ్యాల్సింది బిందెతో పోస్తే
గేదె కూడా మూతి తిప్పుకుంటది."

ఇప్పుడు ఒకటికి ఇరవై పాళ్ళు నీళ్ళు.
వడగట్టి, గాలి కొట్టి, పొద్దు వాలాక, కొంచెం కొంచెం.
పాచి తన ఎంగిలి తానే తింటూ
మళ్ళీ మునగాకు రంగుకి వచ్చింది.
నెలకి పది బస్తాలు దించే లారీ
మొన్న మూడే దించింది.
డ్రైవరు అడిగాడు, "మూసేస్తున్నారా?"

రిజిష్టరు మాత్రం ఒప్పుకోదు.
పదిపాళ్ళు పెడితే ఏడే తిరిగొస్తున్నాయి.
గొట్టం మలుపులో రాయిలా పేరుకున్నది కొంత,
సుత్తితో కొడితే పెంకులుగా చేతికొస్తుంది.
ముక్కు మండించి గాల్లోకి పోయింది కొంత.
తెడ్డు అంచున ఎండిన పొర కొంత.
ఇంకా కొంత
తేలలేదు.

సాయంత్రం గట్టు మీద నారాయణపక్షి,
గుంటలో పురుగులేరుకుని,
ఒంటికాలి మీద తీరిగ్గా.
లేచిపోతూ ఒక తెల్లచార వదిలింది.
పాత చారల పక్కన, చవిటినేలలో,
ఎవరూ నాటని గడ్డి, వేలెడంత.
వంగి చూశాను.
నష్టం గడిలో పెన్ను పెట్టి, ఏం రాయాలో తోచక
తారీకు మాత్రం వేశాను.

పెంచలమ్మ ఖాళీ సంచులు అడిగింది,
చేపలు ఎండేసుకోడానికి.
ఈ నెల మూడే ఉన్నాయన్నాను.
"తక్కువాయెనే," అంది,
తప్పు నాదన్నట్టు.